తీగలేని పనిముట్లును, ఇంటి దుబాసీయును

మన పట్టణములలోనే గాక పెద్ద గ్రామములలో సైతము, తీగ లేకయే యాజ్ఞ గైకొని వెలుగు దీపములును, తిరుగు పంకాలును, నీళ్లు తోడు మోటారులును నేడు ఇండ్లలో ప్రవేశించుచున్నవి. మా విద్యార్థులలో పలువురు వీనిని తమ యిండ్లలో తామే యమర్చుచున్నారు. చేతిలోని ఫోనును తాకినంతనే వసారాలో దీపము వెలుగుట చూచి తలిదండ్రులు మురియుచున్నారు. మేమును మురియుచున్నాము. అయితే దీపము ఒక కంపెనీది, పంకా వేఱొక కంపెనీది, తలుపు తెఱచినట్లు తెలుపు పరికరము మూడవ కంపెనీది. ఈ మూటిని ఒక్క సంసారముగా నడపునప్పుడు ఎవరి మాట ఎవరు వినవలెను, ఇంటి పెత్తన మెవరిది యను ప్రశ్న వచ్చును. ఈ ప్రశ్నను అంగడివాడు అడుగడు. కొనువాడును అడుగుట లేదు. కావున మేము అడుగుచున్నాము.

తరంగముచేత దూరముననున్న వస్తువును పని చేయించుట నేటి వింత గాదు. 1895వ సంవత్సరమున కలకత్తా నగరమున జగదీశచంద్ర వసువుగారు కంటికి కనబడని విద్యుత్తరంగములను గోడల గుండ బంపి, ఆవలనున్న గంటను మ్రోగించి, తుపాకిమందు నంటించి చూపిరి. నాడు తరంగమును పంపిన యంత్రమును వసువుగారిదే, అందుకొన్న యంత్రమును వసువుగారిదే; రెంటికి నడుమ భాషాభేదము లేకపోయెను. నేటి చిక్కంతయు పంపువాడొకడును అందుకొనువాడొకడును అగుటచేత వచ్చినది.

ఒక సామాన్య గృహమున నేడు ఎన్ని తరంగభాషలు వినబడునో చూడుడు. మొదటిది వైఫై. ఇది గట్టిగా మాటలాడునది. చలనచిత్రములను సైతము మోసికొని రాగలదు. కాని విద్యుత్తును విశేషముగా త్రాగును. కనుకనే గుండీయంత బ్యాటరీతో నడుచు పరికరములకు ఇది సాధారణముగా పనికిరాదు. మఱియు, ఇంటర్నెట్టువారు ఇచ్చిపోవు చౌక రౌటరుమీద ముప్పది దీపములను, పదునైదు స్విచ్చులను ఎక్కించినచో అది యలసి ఒక్కొక్కదానినే విడిచిపెట్టును. రెండవది బ్లూటూత్. పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు పేరు దీనికి బెట్టిరి. చెంతనున్నవారితో గుసగుసలాడు స్వభావము దీనిది. మూడవది జిగ్బీ. తేనెటీగలు పట్టునకు మరలివచ్చి తోడి యీగలకు దారి తెలుపుటకై యాడు నాట్యమును బట్టి ఈ పేరు వచ్చినదందురు. ఇందలి యుపాయము మెచ్చదగినది. గోడలోని విద్యుత్తుతో నడుచు పరికరము తనకు వచ్చిన వార్తను ప్రక్కదానికి అందించును. ఊరిలో ఇల్లు అంటుకొన్నప్పుడు బావినుండి బిందెలు చేతులు మాఱినట్లు, వార్త వసారానుండి పెరటి గది వఱకు సాగిపోవును. బ్యాటరీతో నడుచునవి మాత్రము ఈ యూడిగము చేయవు. తమ వార్త చెప్పి నిద్రపోవును. అందుచేతనే వాని బ్యాటరీ ఏడాదియు, అంతకు పైనను నిలుచును. థ్రెడ్ అనునది 2014లో బయలుదేరిన జిగ్బీ చెల్లెలు. రేడియో ఒక్కటియే గాని, ఇది ప్రతి పరికరమునకు ఇంటర్నెట్టు పద్ధతిని ఒక చిరునామా నొసగును. ఇవి గాక ఏసీ యంత్రపు రిమోటు పరారుణ కాంతితో మాటలాడును. ఆ మాట గోడ దాటలేదు. కొన్ని గేటు రిమోటులును, చౌక స్విచ్చులును 433 మెగాహెర్ట్‌జులమీద ఒక్క కేక వేసి యూరకుండును. వినబడినదో లేదో బదులు రాదు.

వీనిలో వైఫై, బ్లూటూత్, జిగ్బీ, థ్రెడ్ అను నాలుగును 2.4 గిగాహెర్ట్‌జుల వీధిలోనే ఇఱుకుగా కాపురమున్నవి. వంటయింటి మైక్రోవేవు పొయ్యియు ఆ వీధిదే. వైఫైకి 5 గిగాహెర్ట్‌జుల వీధియు గలదు గాని, చౌక దీపములలో చాల భాగము దాని నెఱుగవు. వైఫై బిగ్గఱగా అఱచునప్పుడు జిగ్బీ మాట వినబడదు. జిగ్బీకి 11 మొదలు 26 వఱకు పదునాఱు మార్గములు కలవు. ఇంటి వైఫై 1, 6, 11 మార్గములలో నున్నచో జిగ్బీని 15, 20, 25 మార్గములలో దేనియందైన నుంచినప్పుడు కొంత ప్రశాంతి దొరకును. మఱియొక సంగతి. జిగ్బీ రేడియో పుల్లను కంప్యూటరు వెనుక యూఎస్‌బీ 3 రంధ్రమున నేరుగా గుచ్చినచో, ఆ రంధ్రపు రొదయే దానిని చెవిటిదానిని చేయును. గజము పొడవు తీగతో దూరముగా నుంచవలెను. ఇంటిలో దయ్యము పట్టినదని తలచు పెక్కు దీపములకు ఈ గజము తీగయే మంత్రము.

మన తెలుగువారి యిండ్లకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. అమెరికాలోనున్న కొడుకో, అల్లుడో సెలవులకు వచ్చునప్పుడు పెట్టెలో నాలుగు స్విచ్చులు తెచ్చును. డెన్మార్కు దేశమున 1999లో స్థాపింపబడిన యొక కంపెనీ పుట్టించిన జెడ్-వేవ్ అను పద్ధతి ఆ దేశమున బహుళముగా వ్యాపించినది. అది 2.4 వీధిలో గాక ఇంకను క్రిందనున్న వీధిలో నడచును గావున గోడలను బాగుగ దాటును. కాని దాని స్థానము అమెరికాలో 908 మెగాహెర్ట్‌జులకు చేరువ, ఐరోపాలో 868కి చేరువ, మన దేశమున 865కి చేరువ. అక్కడి స్విచ్చు మాటను ఇక్కడి హబ్బు వినలేదు. 908 స్థానము మన దేశమున సెల్లుఫోనులకు చెందినది. అందు మనము ప్రసారము చేయరాదు. పైపెచ్చు అక్కడి యిండ్లలోని విద్యుత్తు 120 వోల్టులు, ఇక్కడిది 230. ప్రేమతో తెచ్చిన కానుకను కాదనుట కష్టమే. కావున అల్లుడుగారు విమాన మెక్కకముందే ఈ సంగతి తెలియజేయుట మేలు.

భాషలు వేఱైనప్పుడు దుబాసీ కావలయును. పుదుచ్చేరిలో డూప్లే దొరవద్ద ఆనందరంగ పిళ్లెగారు దుబాసీగా నుండిరి. పిళ్లెగారు నడుమ లేనిదే దొరకును దేశస్థులకును బేరము సాగదు, మంతనము నడవదు. ఇంటి పనిముట్లకు అట్టి దుబాసీని హబ్బు అందురు. అది యొక ప్రక్క జిగ్బీ మాట విని, మఱియొక ప్రక్క వైఫై మాటగా మార్చి చెప్పును. అట్టివాడు లేక గతి లేదు. అయితే ఆ దుబాసీ మన యింట నున్నాడా, సముద్రముల కావల నున్నాడా? మేము చెప్పదలచినదంతయు ఈ ప్రశ్నలోనే యున్నది.

అంగడిలో దొరకు చౌక పరికరములలో పెక్కింటికి దుబాసీ దూరదేశమున కంపెనీవారి సర్వరులో గలడు. మంచముమీద పరుండిన తాతగారు మూడు మూరల దూరముననున్న దీపమును ఆర్పుమని నోటితో ఆజ్ఞాపించిరనుకొనుడు. ఆ మాట ఇంటినుండి బయలుదేరి, మాటను విను యంత్రము చేసిన కంపెనీ సర్వరునకు పోవును. అచటినుండి దీపము చేసిన కంపెనీ సర్వరునకు పోవును. అచటినుండి మరల మన యూరికి, మన వీధికి, మన యింటికి వచ్చి దీపము నార్పును. ఇంత ప్రయాణము రెప్పపాటులో జరుగుట యద్భుతమే; మేము కాదనము. కాని మూడు మూరల దూరమునకు రెండు పరాయి గుమ్మములు దాటవలసి వచ్చినది. ఆ రెంటిలో నేది మూతపడినను తాతగారి మాట చెల్లదు.

గుమ్మములు మూతపడునా యని సందేహించువారికి జరిగిన సంగతులు రెండు చెప్పెదము. అమెరికాలో రివాల్వ్ అను హబ్బును 300 డాలర్లకు అమ్మిరి. 2014లో గూగులువారి నెస్టు సంస్థ ఆ కంపెనీని కొనెను. 2016 మే 15వ తేదీన సర్వరును నిలిపివేసిరి. ఆ దినము మొదలు ఆ హబ్బులు, విఱుగక చెడక యుండియు, ఒక్క పనికిని రాకపోయెను. రెండవది ఇన్‌స్టియాను. 2022 ఏప్రిలులో ఆ సంస్థ సర్వరులు, కొన్నవారికి ముందుగా ఒక్క జాబైన లేకయే, మూగవోయెను. ఫోనుద్వారా నడచు ఆజ్ఞలన్నియు నాటితో నిలిచెను. అయితే ఆ పరికరములు విద్యుత్తు తీగలమీదను, రేడియోమీదను తమలో తాము మాటలాడుకొనగలవి. అందుచే గోడ స్విచ్చులు పనిచేయుచునే యుండెను. ఇంటిలోనే వేఱొక దుబాసీని నిలుపుకొన్న ముందుచూపుగలవారికి నష్టము స్వల్పము. ఆ యేడు జూనులో వాడుకదారులే కొందఱు కూడి ఆ సంస్థను కొని మరల నడిపించిరి. అట్టి భాగ్యము ప్రతి కంపెనీకిని పట్టదు.

దూరమునుండి ఇంటిని జూచుకొనుటకు సర్వరు కావలయును గదా యని యొక తండ్రిగారు మాతో వాదించిరి. న్యాయమే. పెండ్లికి పొరుగూరు పోయినవారు మోటారు నాపుట మఱచితిమని అక్కడ తలచుకొని, అక్కడనుండియే యాపగలుగుట చిన్న మేలు గాదు. అట్టి దారి యదనముగా నుండవచ్చును. ఇంటిలోని మాట ఇంటిలోనే తెమలు దారి మాత్రము ముందు వేసికొనవలెను. ఇది ధనికులకే తగిన యేర్పాటని తలపవలదు. హోమ్ అసిస్టెంటు అను ఉచిత కార్యక్రమమును 2013లో పౌలస్ షౌట్సెన్ అను నాయన ప్రారంభించెను. 2024 నుండి అది లాభాపేక్ష లేని యొక సంస్థ యధీనమున నున్నది. మూలనపడిన పాత కంప్యూటరులోనైనను, అఱచేతియంత రాస్ప్‌బెర్రీ పై యంత్రములోనైనను అది నడచును. దానికొక జిగ్బీ పుల్లను తగిలించినచో పలు కంపెనీల జిగ్బీ పరికరములు ఒకే కప్పుక్రిందకు వచ్చును. పెక్కు వైఫై పరికరములును వచ్చి చేరును. సుళువని మేము చెప్పము. ఓర్పుగల పదవ తరగతి బాలునికి రెండు మూడు శనివారముల పని. ఆ శనివారములలో వాడు నేర్చునది పెక్కు పాఠములకన్న నెక్కువయని మా యనుమానము.

భాషల గొడవ కంపెనీలకే రోసినట్లున్నది. 2019 డిసెంబరులో ఆపిలు, గూగులు, అమెజాను కంపెనీలును, జిగ్బీ కూటమియు గలిసి ఒక యుమ్మడి భాష నేర్పఱచుదుమని ప్రకటించెను. 2021లో దానికి మ్యాటరు అని పేరు పెట్టిరి. 2022 అక్టోబరులో మొదటి నిబంధనలు వెలువడెను. మ్యాటరు ఒక వ్యాకరణము వంటిది. వైఫైమీదను, థ్రెడ్‌మీదను, తీగమీదను అదే వ్యాకరణముతో మాటలాడవచ్చును; బ్లూటూతును క్రొత్త పరికరమును ఇంటిలో చేర్చుకొను వేళ మాత్రమే వాడుదురు. ఒకే దీపమును రెండు కంపెనీల హబ్బులు పాలించుటకు ఇందు వీలు గలదు. మాట ఇంటిలోనే సాగవలెనను పద్ధతియు గలదు. అందుచే దీనిని మేము మెచ్చుచున్నాము. కాని పెట్టెమీది ముద్ర చూచినంతనే డబ్బు తీయరాదు. థ్రెడ్ పరికరము కొన్నచో, దానిని ఇంటి వైఫైతో గలుపుటకు సరిహద్దు రౌటరు వేఱుగ కావలయును. ఈ సంగతి చాలమందికి ఇల్లు చేరిన పిదప తెలియుచున్నది. పాత జిగ్బీ దీపములు మ్యాటరులో చేరుటకు నడుమ వంతెన యుండవలెను. దీపపు రంగుల యాటలు మొదలగు కొన్ని ముచ్చటలు కంపెనీవారి యాప్‌లోనే మిగిలిపోవును.

ఇక మన గోడల సంగతి. ఒక బాలుడు జిగ్బీ దీపమును కొని హోల్డరులో బిగించెను. అమ్మగారు అలవాటు చొప్పున పోవుచు గోడ స్విచ్చు నార్పిరి. ఆ దీపము చచ్చినది. అంతటితో నూరకుండక, దానిచేత బిందెలు అందుకొనుచున్న పెరటి పరికరములును మూగవోయినవి. బాలుడు వచ్చి గోడ స్విచ్చు ముట్టవలదని అమ్మను శాసించును. స్విచ్చుమీద కాగితము అంటించును. మా యభిప్రాయమున ఇది తలక్రిందులైన న్యాయము. ముప్పదియేండ్లుగా చీకటిలో తడవుకొనకయే ఆ స్విచ్చును అందుకొన్న చేతిని మార్చుటకన్న, దీపమును మామూలుదిగానే యుంచి స్విచ్చు వెనుక పెట్టెలో పరికరము నమర్చుట యుత్తమము. అప్పుడు గోడమీది నొక్కుడును చెల్లును, ఫోనుమీది నొక్కుడును చెల్లును. అయితే పాత యిండ్ల స్విచ్చు పెట్టెలలో తఱచుగా న్యూట్రలు తీగ యుండదు. న్యూట్రలు అక్కఱలేని పరికరములు దీపము గుండనే స్వల్ప విద్యుత్తును తీసికొని బ్రదుకును. అందుచే కొన్ని ఎల్‌ఈడీ దీపములు ఆర్పిన పిదపను మిణుకుమిణుకుమనుచుండును. గోడలోని పనిని ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలయును. ఈ యొక్క విషయమున మా విద్యార్థుల నేర్పును మేము మెచ్చము.

అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు ఇంటి దీపములన్నియు ఒక్కుమ్మడి వెలిగి పసిబిడ్డ లేచి యేడ్చుట పలువురెఱిగినదే. చాల దీపములకు, కరెంటు మరల వచ్చినప్పుడు మునుపటి స్థితిలోనే యుండుమను నేర్పాటు యాప్‌లో గలదు. మొదటి దినముననే దానిని కుదుర్చవలెను. రౌటరును, హబ్బును ఇన్వర్టరు తీగపై నుంచవలెను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు విద్యుత్తును, ఫోనులును దినముల తరబడి లేకపోయెను. అట్టి కాలమున విద్యుత్తు ముందు వచ్చి ఇంటర్నెట్టు వెనుకబడినదనుకొనుడు. దుబాసీ దూరదేశమున నున్న యింటివారు కరెంటుండియు కాచుకొని కూర్చుండవలెను. తలుపు తాళములకు సైతము ఇదే న్యాయము. ఇనుప తాళపుచెవి పట్టని తలుపు తాళమును మేము ఎవరికిని సిఫారసు చేయము.

కొన్ననాటి పాస్‌వర్డును మార్చకుండుట మఱియొక యపాయము. 2016లో మిరాయి అను దుష్ట కార్యక్రమము అట్టి కెమెరాలను, రౌటరులను లక్షల కొలది లోబఱచుకొని ఇతరులపై దాడికి వాడెను. పాస్‌వర్డు మార్చి, ఈ పరికరములను ఇంటి ఫోనులతో గలపక వేఱు వైఫై పేరుతో నుంచినచో చాల వఱకు క్షేమము.

ఇంతకన్న బరువైన విషయ మింకొకటి. మేమెఱిగిన యొక యింట పెద్దకొడుకు పదునాలుగు పరికరములు నేర్పుగా నమర్చి, పై చదువునకు విదేశము పోయెను. యాప్‌లును, పాస్‌వర్డులును వాని ఫోనులోనే యున్నవి. ఆఱు నెలలకు ఇంటర్నెట్టు మనిషి వచ్చి రౌటరు మార్చెను. క్రొత్త రౌటరుకు వైఫై పేరు క్రొత్తది. పాత పేరుకొఱకు వెదకుచు పదునాలుగును మూగవోయెను. వాటిలో మెట్లమీది దీప మొకటి; దానికి గోడ స్విచ్చు తీసివేసియుండిరి. తల్లిగారికి మోకాళ్ల నొప్పి. సాయంకాలమైనప్పుడు అక్కడ కొడుకు నిద్రలో నుండును. రెండు దినములు వారు టార్చిలైటు పట్టుకొని మెట్లు దిగిరి. మూడవనాడు ఫోనులో కొడుకు ముఖము చూచి తండ్రిగారు, "ఒరే నాయనా, మన మెట్లమీద దీపము వెలగవలెనంటే అక్కడ నీవు నిద్ర లేవవలసి వచ్చెను గదరా!" అనిరి. కొడుకు సమర్థుడు, క్రొత్త రౌటరుకు పాత పేరును, పాత పాస్‌వర్డును పెట్టుమని చెప్పెను, అన్నియు మేలుకొన్నవి. అయినను తండ్రిగారు ఎలక్ట్రీషియనును పిలిపించి మెట్లకడ మామూలు స్విచ్చు పెట్టించిరి. మేము వారి పక్షమే.

కావున ఇంటిలో పరికరము నమర్చు ప్రతి విద్యార్థియు ఒక నోటుపుస్తకమున తెలుగులో, పెద్ద యక్షరములతో, ఏ పరికరము ఎచ్చట నున్నది, ఏ భాషది, దాని పాస్‌వర్డేది, చెడినప్పుడు ఏ తీగ నూడదీసి మరల పెట్టవలెను అను సంగతులు వ్రాసి, పాలలెక్కల పుస్తకము ప్రక్కనే యుంచవలెనని కోరుచున్నాము. వ్రాసినదానిని చూచి తల్లియో, చెల్లెలో ఒకసారి తానే చేసి చూడవలెను. చేయలేకపోయినచో పుస్తకమును మరల వ్రాయవలెను.

మా పాఠశాల విజ్ఞాన ప్రదర్శనమున ఏటేట ఫోనుతో వెలుగు దీపములు అయిదాఱు వచ్చుచున్నవి. వచ్చు సంవత్సరము వానికి రెండు పరీక్షలు పెట్టుటకు తోడి యుపాధ్యాయులతో నాలోచించుచున్నాము. పరీక్షకులు రాగానే ఇంటర్నెట్టు తీగను ఊడదీసి బల్లమీది డబ్బాలో నుంచెదము. ఆ పిమ్మట, చూడవచ్చిన అవ్వగారి నొకరిని పిలిచి, ఆ విద్యార్థి నోరు మెదపక నిలిచియుండగా, దీపమును వెలిగించుమని యడిగెదము. ఆమె గోడవంక చేయి చాచి వెలిగింపగలిగినచో పూర్తి మార్కులు. ఫోనెక్కడ బాబూ యని యడిగినచో సగమే.